కట్టడానికి ముందు కొలత: సరిహద్దు జిల్లాల పాత ఎయిర్‌స్ట్రిప్పులు విమానాశ్రయాలు కావాలంటే

ఒడిశా సరిహద్దులో బరంపురమైనా, జయపురమైనా విమానాశ్రయం ప్రస్తావన వస్తే చాలు, మాట టెర్మినల్ భవనం చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని కోట్లతో కడతారు, ఎంతమంది పడతారు, శంకుస్థాపన ఎప్పుడు అన్నవే అందరూ అడిగే ప్రశ్నలు. బరంపురం శివారులోని రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ పేరు ఏళ్ల తరబడి ప్రణాళికల్లో నలుగుతూనే ఉంది. జయపురంలో మాత్రం 2022 అక్టోబర్ 31 నుంచి తొమ్మిది సీట్ల చిన్న విమానం తిరగడం మొదలైంది. రన్‌వే ఉన్నచోట పెద్ద విమానం ఎందుకు దిగదు? ఒక చిన్న హాలు కట్టి పని మొదలుపెట్టడానికి అంత కాలం ఎందుకు పడుతుంది? ఈ సందేహాలకు సమాధానం ఇటుకల్లో కంటే నేల కొలతల్లో, ఆ కొలతలు పుట్టిన చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది.

క్లుప్తంగా

బ్రిటిష్ కాలంలో విమానాశ్రయమంటే మైదానం. భవనాలు తర్వాతి మాట. రెండో ప్రపంచ యుద్ధం వేసిన రన్‌వేలు వెడల్పులో నేటికీ పనికొస్తాయి. పొడవు, పటుత్వం, చుట్టూ ఉండాల్సిన చదును పట్టీ మాత్రం సరిపోతాయో లేదో కొలిచి చూడాలి. పగటి వెలుగులో కంటిచూపుతో దిగే చిన్న విమానానికి రన్‌వే నుంచి 90 మీటర్ల దూరంలో భవనం ఉన్నా చాలు. పరికరాల సాయంతో దిగే ఏటీఆర్ (సుమారు 70 సీట్ల ప్రొపెల్లర్ విమానం) రావాలంటే అదే భవనం 210 మీటర్ల అవతల ఉండాలి. తొందరపడి దగ్గరగా కట్టింది రేపు కూల్చాల్సి వస్తుంది.

మైదానమే విమానాశ్రయమైన రోజులు

భారత ప్రభుత్వంలో పౌర విమానయాన శాఖ 1927లో ఏర్పడింది. మరుసటి ఏడాది బొంబాయిలోని జుహూలో పౌర విమానాల మైదానం మొదలైంది. 1929 మార్చి 30న లండన్‌లో బయలుదేరిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సర్వీసుతో కరాచీ బ్రిటిష్ సామ్రాజ్యపు విమాన మార్గంలో చేరింది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా టపా సంచులు తెచ్చి దిగింది జుహూలోనే. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు దాకా ఆ టపాను నెవిల్ విన్సెంట్ నడిపారు.

ఆనాటి విమానం తేలిక. గడ్డి నేల చదునుగా ఉంటే చాలు, గాలి ఎటు వీస్తే అటు ఎదురుగా దిగేది. కాబట్టి ప్రత్యేకంగా ఒక దిశలో రన్‌వే వేయాల్సిన అవసరం లేదు. నలువైపులా తెరిచి ఉన్న మైదానం కావాలి. చిన్న చోట్ల కట్టడాల జాబితా చాలా పొట్టిది: గాలి దిశ చూపే గుడ్డ సంచి, పైనుంచి కనిపించేలా నేల మీద సున్నంతో గీసిన తెల్లటి వలయం, పెట్రోలు డబ్బాల గది, కాపలాదారు గుడిసె. మేస్తున్న పశువులను తోలడం కూడా ఆ కాపలాదారు పనే. నేటి ప్రహరీ గోడ, గస్తీ వాహనం చేసే ఉద్యోగాన్ని అప్పుడు ఒక మనిషి, ఒక కర్ర చేసేవి.

పెద్ద చోట్ల లెక్క వేరు. కరాచీ, కలకత్తాలోని డమ్‌డమ్ వంటి చోట్ల హ్యాంగర్లు, వైర్‌లెస్ కేంద్రం, వాతావరణ కార్యాలయం, విదేశీ రాకపోకల కోసం కస్టమ్స్ ఏర్పాట్లు ఉండేవి. దూర ప్రయాణంలో రాత్రి మజిలీలు తప్పవు కాబట్టి బస కూడా విమానాశ్రయ ప్రణాళికలో భాగమే. జోధ్‌పూర్‌లో మహారాజా ఉమైద్ సింగ్ విమాన ప్రయాణికుల కోసం ఏకంగా ఒక హోటలే కట్టించారు. 1928లో లండన్ సమీపంలోని క్రోయ్‌డన్‌లో టెర్మినల్, కంట్రోల్ టవర్ ఒకే కట్టడంలో వెలిశాక సామ్రాజ్యంలోని నగరాలకు అదే నమూనా అయింది. హైదరాబాద్‌లోని బేగంపేటలో తొలి టెర్మినల్ భవనం 1937లో వచ్చింది. అంటే అది మైదానం మొదలైన కొన్నేళ్లకు, రాకపోకలు కుదురుకున్నాక వచ్చినదే.

ఆ పద్ధతిలో ఒక లోపం వానాకాలంలో బయటపడింది. జుహూ నీట మునిగేది. టాటాల విమానాలు ఆ నెలల్లో పూనాకు తరలిపోయేవి. ఎండలో చదునుగా, సౌకర్యంగా కనిపించిన నేల జులైలో ఎలా ఉంటుందో చూడకుండా ఎంచుకున్నందుకు చెల్లించిన ధర అది. నీరు బయటకు పోయే దారి లేని చదును నేల విమానాశ్రయానికి మంచి నేల కాదని ఈ దేశంలో ఇంజినీర్లకు తొలి పాఠం చెప్పింది జుహూ వానే.

కరాచీలో ఖాళీగా మిగిలిన షెడ్డు

వాహనం రాకముందే భవనం కడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఆ కాలానిదే. ఇంగ్లండు నుంచి ఇండియాకు భారీ వాయునౌకలు నడపాలని 1920ల్లో బ్రిటిష్ ప్రభుత్వం తలపెట్టింది. ఆ నౌకలు వచ్చి చేరడానికి కరాచీలో ఒక స్తంభాన్ని, పావు కిలోమీటరు పొడవైన షెడ్డును సిద్ధం చేసింది. అక్కడికి బయలుదేరిన ఆర్101 వాయునౌక 1930 అక్టోబర్ 5న ఫ్రాన్స్‌లో కూలిపోయింది. 48 మంది చనిపోయారు. దాంతో వాయునౌకల పథకమే ఆగిపోయింది. కరాచీ షెడ్డులోకి ఆ నౌకలు ఒక్కటీ రాలేదు. దశాబ్దాల తర్వాత దాన్ని విప్పి పాత ఇనుముగా మార్చారు.

ఆ షెడ్డు పక్కనే సాధారణ విమానాల మైదానం మాత్రం ఏటా పెరుగుతూ పోయింది. తేడా ఎక్కడుంది? షెడ్డు ఒకే రకం వాహనానికి కొలిచి కుట్టినది. మైదానం ఏ విమానానికైనా పనికొచ్చేది. విమానాలు పదేళ్లకోసారి మారతాయి, కట్టడాలు యాభై ఏళ్లు ఉంటాయి, నేల ఎప్పటికీ ఉంటుంది. ఈ మూడింటి వయసులు వేరని గుర్తించని ప్రణాళిక ఏదైనా కరాచీ షెడ్డు దారే పడుతుంది.

యుద్ధం గీసిన పటం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బర్మా అప్పటికే చేజారుతోంది. తూర్పు తీరం ఒక్కసారిగా యుద్ధానికి సరిహద్దు అయింది. దాంతో తూర్పు భారతదేశమంతటా వైమానిక స్థావరాల నిర్మాణం ఊపందుకుంది. పశ్చిమ ఒడిశాలోని ఝార్సుగూడ రన్‌వే 1942 నాటిదే. ఉత్తరాన మయూర్‌భంజ్ జిల్లాలోని అమర్‌దా రోడ్ స్థావరం ఆకాశ యుద్ధ శిక్షణకు కేంద్రమైంది.

యుద్ధ కాలపు ప్రణాళిక గడ్డి మైదానపు ప్రణాళికకు పూర్తిగా తలకిందులు. బరువైన బాంబర్లకు కాంక్రీటు కావాలి. బ్రిటన్ వైమానిక శాఖ 1942లో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం ప్రధాన రన్‌వే 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు ఉండాలి. మీటర్లలో చెబితే 1,829 పొడవు, 46 వెడల్పు. దానికి అడ్డంగా మరో రెండు చిన్న రన్‌వేలు కూడా ఆ ప్రమాణంలో ఉన్నా, ఇండియాలో చాలాచోట్ల ఒక్కదానితోనే సరిపెట్టుకున్నారు. భవనాల విషయంలో సూత్రం ఒక్కటే: దగ్గర దగ్గరగా ఏదీ ఉండకూడదు. ఒక్క బాంబుకు అన్నీ పోకుండా విమానాలను, పెట్రోలును, మందుగుండును, మనుషులు ఉండే వెదురు పాకలను దూరదూరంగా చెదరగొట్టారు. యుద్ధం ముగియగానే ఆ పాకలు మాయమయ్యాయి. కాంక్రీటు, దాని చుట్టూ ప్రభుత్వ ఖాతాలో విశాలమైన నేల మిగిలాయి.

ఈ వారసత్వం విలువ నేలలోనే ఉంది. ఝార్సుగూడలో విమానాశ్రయం 1,027 ఎకరాలకు పైగా విస్తరించింది. ఇంత నేలను ఈ రోజు కొత్తగా సేకరించాలంటే ఎన్ని గ్రామసభలు, ఎన్ని కోర్టు కేసులో ఊహించుకోవచ్చు. నిజాం పాలనలో 1930లో వెలిసిన వరంగల్ మామునూరు మైదానం మళ్లీ చర్చలోకి రావడానికి కారణం కూడా అక్కడ నేల ఉండటమే. అయితే మామునూరును ఏళ్లపాటు ఆపింది ఇంజినీరింగ్ సమస్య కాదు. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు పోటీ ఉండరాదన్న షరతు అది. ఆ అడ్డు తొలగింది 2025లో.

వెడల్పులో యుద్ధ కాలపు 46 మీటర్లు నేటి ఎయిర్‌బస్ ఏ320కి కావాల్సిన 45 మీటర్లకు దాదాపు సమానం. బరువు దగ్గరే ఇబ్బంది. యుద్ధంలో తిరిగిన లిబరేటర్ బాంబర్ నిండుగా ఎక్కిస్తే సుమారు 29 టన్నులు. ఏటీఆర్ 72 గరిష్ఠ బరువు 23 టన్నులు. కాబట్టి పాత కాంక్రీటు ఏటీఆర్‌ను కాగితం మీద మోయగలదు. ఎనభై ఏళ్ల వానలు, చెట్ల వేర్లు దాన్ని ఏం చేశాయో పరీక్షించి చూడాలి. ఏ320 గరిష్ఠ బరువు 77 టన్నుల పైమాటే. దానికి పాత పొర మీద కొత్త పొర తప్పదు.

పదెకరాల కాంక్రీటు, నూరెకరాల చదును

ఎయిర్‌స్ట్రిప్ ఉంది కదా అన్న మాటలో దాగిన పొరపాటు ఇక్కడే బయటపడుతుంది. ఏటీఆర్ కోసం 1,400 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుతో రన్‌వే వేస్తే కాంక్రీటు పరిచే నేల పదెకరాలు. అంతర్జాతీయ నియమాల ప్రకారం రన్‌వే రెండు చివర్లలో 60 మీటర్ల చొప్పున, మధ్య గీత నుంచి ఇరువైపులా 140 మీటర్ల చొప్పున అడ్డంకులు లేని చదును పట్టీ ఉండాలి. దాని వైశాల్యం 105 ఎకరాలు. ఆ పట్టీకి అవతల, అదుపు తప్పిన విమానం ఆగడానికి రెండు చివర్లా మరో భద్రతా జాగా కావాలి. కనీసం 90 మీటర్లు తప్పనిసరి, 240 మీటర్లు ఉంటే మేలని సిఫార్సు. సిఫార్సు పాటిస్తే 1,400 మీటర్ల రన్‌వేకు చివర నుంచి చివరకు సరిగ్గా రెండు కిలోమీటర్ల నేల కావాలి.

ఇప్పుడు భవనం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. పట్టీ అంచు నుంచి కంటికి కనిపించని ఒక వాలు పైకి లేస్తుంది. ఆ వాలును ఏ కట్టడమూ, నిలిపి ఉంచిన ఏ విమానమూ తాకకూడదు. పరికరాల సాయంతో దిగే 1,200 మీటర్ల పైబడిన రన్‌వేకు ఆ వాలు ఏడు మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు. పది మీటర్ల టెర్మినల్ కట్టాలంటే పట్టీ అంచు నుంచి 70 మీటర్లు, అంటే రన్‌వే మధ్య గీత నుంచి 210 మీటర్లు వెనక్కి జరగాలి. ఆ భవనం ముందు నిలిచే ఏటీఆర్ తోక ఎత్తు 7.65 మీటర్లు. ఆ తోక ఉండాల్సిన కనీస దూరం సుమారు 194 మీటర్లు. ఏ320 తోక ఎత్తు 11.76 మీటర్లు కాబట్టి అది 222 మీటర్ల అవతల ఉండాలి. ఏటీఆర్‌కు సరిగ్గా కొలిచి ఏప్రాన్ (విమానాలు నిలిపే జాగా) వేసినచోట రేపు ఏ320 నిలబడే వీలుండదు.

కంటిచూపుతో మాత్రమే దిగే, 1,200 మీటర్ల లోపు రన్‌వేకు నియమం ఎంతో సులువు. పట్టీ ఇరువైపులా 40 మీటర్లు చాలు. వాలు ఐదు మీటర్లకు ఒక మీటరు. అదే పది మీటర్ల భవనం 90 మీటర్ల దూరంలో ఉన్నా చట్టబద్ధమే.

90కి, 210కి మధ్య ఉన్న ఈ 120 మీటర్లే సరిహద్దు జిల్లాల విమానాశ్రయ ప్రణాళికల్లో అసలు పరీక్ష. నేల కొరత ఉన్నచోట, ప్రారంభోత్సవ తేదీ ముందే ఖరారైనచోట, 90 మీటర్ల దగ్గర చకచకా ఒక హాలు కట్టేయాలనిపించడం సహజం. చట్టం కూడా అడ్డుపడదు. రద్దీ పెరిగి ఏటీఆర్‌ను పిలిచే రోజు వచ్చినప్పుడు ఆ హాలే అడ్డంకుల జాబితాలో మొదటి పేరవుతుంది.

జయపురం: ఎత్తు, ఎండ, మబ్బు

తూర్పు కనుమల పీఠభూమిలో సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది జయపురం. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలుచబడుతుంది, విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. రన్‌వే పొడవు లెక్కలో ప్రతి 300 మీటర్ల ఎత్తుకు 7 శాతం కలపాలి. ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే పెరిగిన ప్రతి డిగ్రీకి ఒక శాతం కలపాలి. ఆ ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 36 డిగ్రీలు అనుకుంటే 25 శాతం అదనం. సముద్ర మట్టంలో 1,000 మీటర్లు చాలే విమానానికి ఇక్కడ 1,140, ఎండను కూడా కలిపితే 1,425 మీటర్లు కావాలి. పెరుగుదల ఇంత ఎక్కువైతే ఆ చోటుకు విడిగా అధ్యయనం చేయాలని నియమాలే చెబుతున్నాయి. తీరంలో పనికొచ్చే కొలతను కొండ మీదికి మోసుకుపోతే కుదరదు.

ఈ లెక్కలే సెస్నా కారవాన్ వంటి తొమ్మిది సీట్ల విమానాన్ని ఇక్కడికి తెచ్చాయి. అది నాలుగు టన్నుల లోపే, పొట్టి రన్‌వే చాలు. కానీ కంటిచూపు నియమాలతో నడిచే సర్వీసుకు కనీసం 5 కిలోమీటర్ల దృశ్యమానత ఉండాలి. శ్రావణ భాద్రపదాల మబ్బు, శీతకాలపు ఉదయం పొగమంచు ఉన్న కొండ ప్రాంతంలో ఇది చిన్న షరతు కాదు. విమానం రద్దయితే ప్రయాణికుడికి కోపం సంస్థ మీద వస్తుంది. కారణం చాలాసార్లు దిగే పద్ధతిలో ఉంటుంది.

దీనికి ఒక మార్గం ఉపగ్రహం. భారత్ సొంతంగా నెలకొల్పిన గగన్ వ్యవస్థ సాయంతో, నేల మీద ఖరీదైన పరికరాలు లేకుండానే విమానాన్ని దారి తప్పకుండా దింపవచ్చు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఏటీఆర్ 72తో ఈ ప్రయోగం జరిగింది. చిన్న విమానాశ్రయాలకు ఇది నిజంగా పెద్ద ఊరట. అయినా 140 మీటర్ల పట్టీ నియమాన్ని ఉపగ్రహం మార్చలేదు. పరికరాల ఖర్చు తగ్గుతుంది, నేల అవసరం తగ్గదు.

జయపురానికి ఇంకో చిక్కు మార్గాల ఎంపికలో ఉంది. జయపురం ఉన్న కోరాపుట్ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భారీ విరాళమిచ్చిన మహారాజు విక్రమదేవ వర్మది ఈ జయపురమే. ఇక్కడి తెలుగు కుటుంబాలకు పెద్దాసుపత్రి, కాలేజీ, పెళ్లి సంబంధం, బంగారం కొట్టు అన్నీ నేటికీ విశాఖ వైపే. రాష్ట్ర ప్రభుత్వానికి సహజంగా రాజధాని భువనేశ్వర్‌తో కలపడం ముఖ్యం, అక్కడికి రోడ్డున దాదాపు 500 కిలోమీటర్లు. విశాఖకు కొండ దారిలో 220 కిలోమీటర్లు, లేదంటే కొత్తవలస–కిరండుల్ మార్గంలో మెల్లగా పాకే రైలు. ప్రారంభ సర్వీసు రెండు నగరాలనూ కలిపేలా రూపొందడంలో అర్థముంది. దగ్గర్లోని సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల కర్మాగారం, దామన్‌జోడిలో అల్యూమినియం సంస్థ నాల్కో ఉన్నాయి. అధికారుల రాకపోకలు సీట్లను కొంత నింపుతాయి. మిగతా సీట్లు ఎవరు నింపుతారన్నది టికెట్ ధర మీద ఆధారపడిన విషయం.

రంగైలుండ: తుఫాను గాలి, పక్కనే సైన్యం

బరంపురానికి ఎత్తు సమస్య లేదు. అక్కడి చిక్కులు వేరు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. సరిగ్గా ఏడాదికి వచ్చిన హుద్‌హుద్ విశాఖ టెర్మినల్ పైకప్పును చీల్చి, విమానాలను రోజుల పాటు ఆపేసింది. ఆధునిక టెర్మినల్ అంటే అద్దాలు, రేకుల పైకప్పు అన్న అభిప్రాయం తీరంలో ఎంత ప్రమాదమో ఆనాటి చిత్రాలు చూసినవారికి తెలుసు. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో కట్టే ఏ విమానాశ్రయమైనా తుఫాను మర్నాడు సహాయ సామగ్రి దింపే చోటు కావాలి. అప్పుడు రన్‌వే మీద నీరు నిలవకపోవడం, జనరేటర్ గది ఎత్తున ఉండటం, కంట్రోల్ టవర్ అద్దాలు నిలబడటం ఏసీ లాంజ్ కంటే ముందు వరుసలోకి రావాలి.

సమీపంలోని గోలబంధలో సైన్యపు వైమానిక రక్షణ కళాశాల ఉంది. ఆకాశంలోకి కాల్చడం నేర్పే సంస్థ అది. దాని పొరుగున పౌర విమానం తిరగాలంటే ఏ వేళ ఆకాశంలో ఏ భాగం ఎవరిదో ముందే రాసుకోవాలి. ఆ ఏర్పాటు లేకుండా టెర్మినల్ ఎంత గొప్పగా ఉన్నా టైమ్‌టేబుల్ నిలబడదు.

గిరాకీ లెక్క కూడా సూటిగా లేదు. భువనేశ్వర్ విమానాశ్రయం 170 కిలోమీటర్ల దూరంలో, నాలుగు వరుసల రహదారి మీద ఉంది. 2024 మార్చి నుంచి విశాఖ–భువనేశ్వర్ వందే భారత్ రైలు బరంపురంలో ఆగుతోంది. కాబట్టి ఆ రెండు నగరాలకు చిన్న విమానం వేస్తే అది రైలుతో పోటీ పడి ఓడిపోయే అవకాశమే ఎక్కువ. గంజాం జిల్లా నుంచి నిజమైన దూర ప్రయాణం సూరత్‌కు. మగ్గాల పనికి వెళ్లినవారు లక్షల్లో ఉన్నారు. హైదరాబాద్, బెంగళూరు తర్వాత వస్తాయి. సూరత్ దాకా తొమ్మిది సీట్ల విమానం పోదు. అంటే జయపురానికి సరిపోయిన చిన్న విమానపు నమూనా బరంపురానికి సరిపోదు. ఇక్కడ పెద్ద రన్‌వే వేస్తేనే ఖర్చుకు అర్థం ఉంటుంది, లేకపోతే వేయకపోవడమే మేలు. మధ్యస్థంగా ఏదో ఒకటి కట్టేయడం రెండు వైపులా నష్టమే.

భవనం ఎంత ఉండాలి?

ఇక టెర్మినల్ విషయం. దాన్ని ఏడాది మొత్తం ప్రయాణికులను బట్టి కాదు, అత్యంత రద్దీగా ఉండే గంటలో లోపల ఉండే మనుషులను బట్టి కొలుస్తారు. 2018 సెప్టెంబర్ 22న ప్రారంభమైన ఝార్సుగూడ టెర్మినల్ 4,000 చదరపు మీటర్లు, రద్దీ గంటకు 300 మంది కోసం కట్టింది. ఒక్కొక్కరికి దాదాపు 13 చదరపు మీటర్లు. అక్కడి రన్‌వే 2,390 మీటర్లు, ఏ320 రకం విమానాలకు సరిపోతుంది. మొత్తం ఖర్చు 210 కోట్ల రూపాయలు, అందులో ఒడిశా ప్రభుత్వ వాటా 75 కోట్లు.

అదే కొలతను కారవాన్‌కు వర్తింపజేస్తే దిగేవారు తొమ్మిది, ఎక్కేవారు తొమ్మిది. 240 చదరపు మీటర్లు చాలు. ఒక ఏటీఆర్‌కు దాదాపు 2,000 కావాలి. మధ్యలో పెంచుకుంటూ పోవచ్చు కదా అనిపిస్తుంది. పెంచవచ్చు, మొదటి గది సరైన దూరంలో, ఒక పక్క గోడ తెరవడానికి వీలుగా కట్టి ఉంటే.

ప్రయాణికుడి కంట పడని భవనాల సంగతి మరో లెక్క. ఏటీఆర్ పొడవు 27 మీటర్లు కాబట్టి అగ్నిమాపక శ్రేణిలో అది ఐదో వర్గం, ఒక ఫైరింజన్ చాలు. ఏ320 ఆరో వర్గం, రెండు ఉండాలి. పిలుపు అందిన మూడు నిమిషాల్లోపు రన్‌వే మీద ఏ మూలకైనా చేరాలి. అందుకే ఫైర్ స్టేషన్ రన్‌వే చివర కాకుండా మధ్యలో, రన్‌వే అంతా కనబడే చోట ఉండాలి. నీళ్ల ట్యాంకు, సిబ్బంది గదులు, వాతావరణ పరికరాలు, ఇంధన నిల్వ, పోలీసు గది, చుట్టూ ప్రహరీ, దాని వెంట గస్తీ బాట ఇవన్నీ లేనిదే లైసెన్సు రాదు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, టెర్మినల్‌కు రంగులు వేసినంత మాత్రాన విమానం రాదు. ఒక్క ఫైరింజన్ సిబ్బందిని మూడు షిఫ్టులకు నియమించలేక ఆగిపోయే విమానాశ్రయం, పైకప్పు లేక ఆగిపోయేదాని కంటే సాధారణం కావచ్చు.

చట్టం, డబ్బు, పొరుగు ఇళ్లు

వలస పాలన భవనాల్లో కంటే చట్టంలో ఎక్కువ కాలం మిగిలింది. 1934 నాటి విమాన చట్టం, 1937 నాటి నియమాలే స్వతంత్ర భారతంలోనూ విమానాశ్రయాల లైసెన్సులకు ఆధారమయ్యాయి. ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది 2025 జనవరి 1న మాత్రమే.

డబ్బు సంగతి 2016లో ప్రకటించిన ఉడాన్ పథకంతో మారింది. చిన్న మార్గాల్లో సగం సీట్లకు ధర కట్టడి చేసి, విమాన సంస్థకు వచ్చే లోటును మూడేళ్ల పాటు ప్రభుత్వాలు భరిస్తాయి. ఒడిశాలో జయపురం, ఉత్కేళ, రూర్కెలా సర్వీసులకు ఊతం ఇలాంటి ఏర్పాట్లే. మూడేళ్ల తర్వాత ఏమిటన్నది దేశమంతటా తేలని ప్రశ్న. రన్‌వే, భవనం శాశ్వతం, రాయితీ తాత్కాలికం. రాయితీ కాలంలో విమానం ఎంత నమ్మకంగా తిరిగిందన్నదాన్ని బట్టే ప్రయాణికులు అలవాటు పడతారు. ఆ నమ్మకం మళ్లీ వాతావరణంలో దిగగలగడం మీద, అంటే చదును పట్టీ వెడల్పు మీద ఆధారపడుతుంది.

అన్నిటికంటే త్వరగా సామాన్యుడిని తాకే ప్రభావం ఇళ్ల ఎత్తు. పరికరాల సాయంతో దిగే రన్‌వేకు ఎదురుగా ఉండే ఊహా వాలు యాభై మీటర్లకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తుంది. ఆ వాలు మొదలయ్యే చోటు నుంచి కిలోమీటరు దూరంలో అనుమతించే ఎత్తు 20 మీటర్లు, సుమారుగా ఆరంతస్తులు. 2015 ఎత్తు నియమాల ప్రకారం విమానాశ్రయ పరిసరాల్లో పై అంతస్తులకు ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఈ రేఖలు రన్‌వే ప్రస్తుత పొడవుతో గీస్తే ఒక రకంగా, రేపటి పొడవుతో గీస్తే మరో రకంగా ఉంటాయి. బరంపురం పెరుగుతున్నది గోపాల్‌పూర్ దారిలోనే. భవిష్యత్ రన్‌వే చివర ఎక్కడో పటంలో గుర్తు పెట్టకుండా లేఅవుట్లకు అనుమతులిస్తూ పోతే, పదేళ్ల తర్వాత పొడిగింపు ఖర్చులో కాంక్రీటు వాటా చిన్నదవుతుంది, పరిహారం వాటా పెద్దదవుతుంది. ఆ గుర్తు పెట్టడానికి టెండరు అక్కర్లేదు, శంకుస్థాపనా అక్కర్లేదు. సర్వే సంఖ్యల జాబితా, పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్‌లో ఒక గీత చాలు.